వాసన ఎటు పోతుంది? పసుపు ప్యాకెట్టు, పురుగు బుట్ట, మధ్యలో ప్లాస్టిక్

(వీడియో ఎపిసోడ్‌కు అక్షర రూపం)

ఈ వారం రెండు ప్రశ్నలతో మొదలుపెడదాం. రెండూ మన ఎడపల్లి మండలం నుంచే వచ్చాయి. పైకి చూస్తే ఒకదానికి ఇంకోదానికి సంబంధం లేనట్టే ఉంటాయి.

మొదటిది ఒక మహిళా సంఘం అక్కలు అడిగింది. "సార్, మేం ఆర్మూర్ దిక్కు నుంచి పసుపు కొమ్ములు తెచ్చి, గిర్నిల పట్టించి, కవర్లల్ల ప్యాక్ చేసి అమ్ముతున్నం. మూడు నెలలైతే రంగు గట్లనే ఉంటది గాని వాసన ఉంటలేదు. కొనేటోళ్లు పాత పసుపు అంటున్నరు. దోషం పసుపుల ఉన్నదా, మా పట్టుడుల ఉన్నదా?"

రెండోది ఒక వరి రైతు తమ్ముడిది. "సార్, మొగి పురుగు కోసం లింగాకర్షక బుట్టలు పెట్టిన. మొదట్ల బాగనే పడ్డయి. తర్వాత పడుడు బంద్ అయింది. పురుగు పోయిందనుకున్న. ఇప్పుడు చూస్తే పొలంల తెల్ల కంకులు. బుట్ట మోసం చేసిందా?"

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్క చోటే ఉంది. వాసన గల నూనె ఒక పాలిమర్ లోంచి, అంటే ప్లాస్టిక్ లోంచో రబ్బరు లోంచో, ఎంత వేగంగా బయటికి పోతుందన్నదే ఆ జవాబు. పసుపు ప్యాకెట్లో అది పోకూడదు, కానీ పోతోంది. బుట్టలో అది రోజూ కొంచెం కొంచెం పోవాలి, కానీ అయిపోయింది. ఈ పోకడను మన చేతిలో పెట్టుకునే పద్ధతినే శాస్త్రంలో 'నియంత్రిత విడుదల' అంటారు. పేరు పెద్దదే గాని సంగతి మనకు తెలిసిందే. విడమరిచి చెప్పుకుందాం.

ముందు వాసన అంటే ఏమిటో చూద్దాం. వాసన వచ్చిందంటే ఆ వస్తువులోంచి కొంత పదార్థం నిజంగానే లేచి గాలిలో కలిసి మన ముక్కు దాకా వచ్చిందన్నమాట. మల్లెపువ్వు వాసన చూశామంటే ఆ పువ్వు లోపలి నూనెలో కొన్ని అణువులు మన ముక్కులోకి చేరాయి. అంటే వాసన ఇస్తున్న ప్రతి వస్తువూ ఆ మేరకు ఖర్చైపోతూ ఉంటుంది. దుకాణంలోకి అడుగు పెట్టగానే పసుపు వాసన గుప్పుమంటే మనకు సంతోషమే. కానీ ఆ వాసన ప్యాకెట్లోంచి బయటికి వచ్చేసిన సొమ్ము.

పసుపులో రంగు వేరు, వాసన వేరు. రంగునిచ్చేది కుర్కుమిన్. దానికి చెప్పుకోదగ్గ వాసన లేదు, అది ఆవిరి కాదు. వాసననిచ్చేది నూనె. ఎండు పసుపు వంద కిలోలు తీసుకుంటే రకాన్ని బట్టి అందులో సుమారు 3 నుంచి 5 కిలోల దాకా ఈ నూనె ఉంటుంది. దానిలో ముఖ్యమైనవి టర్మెరోన్లు అనే పదార్థాలు. అందుకే అక్కలు చెప్పినట్టు రంగు అట్లాగే ఉండి వాసన మాత్రం పోతుంది. రంగు బాగుంది కాబట్టి పసుపు బాగుందనుకోవడానికి లేదు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు గురించి మాట్లాడితే కుర్కుమిన్ శాతం మాటే ఎక్కువ వినిపిస్తుంది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు మన నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది కాబట్టి ఆ మాట ఇంకా పెరిగింది. మంచిదే. కానీ ఇంట్లో వంట చేసే మనిషి ప్యాకెట్ విప్పగానే చూసేది శాతం కాదు, వాసన.

ఇప్పుడు కొమ్ము సంగతి చూద్దాం. పసుపు కొమ్ములో ఈ నూనె చిన్న చిన్న కణాల్లో దాగి ఉంటుంది. చుట్టూ పిండి పదార్థం, పీచు. ఈ పిండి, పీచు కూడా పాలిమర్లే. పాలిమర్ అంటే చిన్న అణువులు పూసలు గుచ్చినట్టు గొలుసుగా కలిసిన పదార్థం. ఫ్యాక్టరీలో చేసిన ప్లాస్టికే కాదు, పత్తి, పిండి, తుమ్మ బంక, రబ్బరు అన్నీ ఆ జాతివే. కాబట్టి నూనెను పాలిమర్‌తో మూసి పెట్టడం ప్రకృతి మన కంటే ముందే చేసింది. తులసి చెట్టు పక్కన నిలబడితే వాసన కొద్దిగానే వస్తుంది. ఆకు నలిపితే గుప్పుమంటుంది. ఆకు మీద నూనె తిత్తులు పగిలాయి కాబట్టి. గిర్నిలో జరిగేది కూడా ఇదే. కొమ్మును పొడి చేసినప్పుడు ఆ కణాలన్నీ పగిలి, నూనె గాలికి ఎదురుగా నిలబడుతుంది. పైగా గిర్ని వేడెక్కుతుంది. పొడి చేతికి కాలుతోందంటే కొంత నూనె అక్కడే ఆవిరైపోయింది. గిర్ని చుట్టూ వచ్చే ఆ ఘాటు వాసన అదే మరి.

సరే, మిగిలింది ప్యాకెట్ చేశాం. కవర్ నిండా సీలు వేశాం. ఇక ఎటు పోతుంది? కవర్ లోంచే పోతుంది. సీలు దగ్గర కాదు, కవర్ గోడ లోంచే. ఇది చాలామంది నమ్మరు.

నమ్మకం కలగడానికి ఒక ఇంటి ఉదాహరణ. డాంబరు గోళీలు, అదే నాఫ్తలీన్ ఉండలు, పలుచని పాలిథీన్ సంచిలో పెట్టి గట్టిగా మూతి కట్టినా బట్టల బీరువా అంతా వాసన వస్తుంది. కిరాణం కొట్టులో సబ్బుల పక్కన బియ్యం కవర్ పెడితే కొన్నాళ్లకు అన్నంలో సబ్బు వాసన తగులుతుంది. రెండు కవర్లకూ చిల్లు లేదు. మరి వాసన ఎలా దాటింది?

పాలిథీన్ లోపలి గొలుసులు ఉడికిన సేమియాలా ఉంటాయనుకోండి. మెత్తగా, ఎప్పుడూ కొద్దికొద్దిగా కదులుతూ ఉంటాయి. నూనె అణువు ముందు ఆ సేమియాలో కరుగుతుంది. నూనెకు పాలిథీన్ అంటే చుట్టమే, రెండూ నీటిని దూరం పెట్టే స్వభావం గలవి. కరిగిన అణువు సందు దొరికినప్పుడల్లా ఒక అడుగు జరిగి, జరిగి, అవతలి వైపు తేలి గాలిలోకి లేచిపోతుంది. అందుకే పాలిథీన్ నీటి తేమను బాగానే ఆపుతుంది గాని నూనె వాసనను ఆపలేదు. నారింజ రసం కంపెనీలకు ఇది పాత తలనొప్పి. అట్ట డబ్బా లోపలి పాలిథీన్ పూత నారింజ నూనెను పీల్చేసుకుని రసాన్ని చప్పగా చేస్తుంది.

అదే నీళ్ల సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్ తీసుకోండి. దాని గొలుసులు మామూలు ఎండలో కూడా ఎండు సేమియా కట్టలా బిగుసుకుని ఉంటాయి. సుమారు 70 డిగ్రీలు దాటితే గాని మెత్తబడవు. అందులో నూనె అణువుకు జరగడానికి సందు దొరకడం చాలా కష్టం. ఇక అల్యూమినియం రేకులో సందే ఉండదు, నలిగి సన్న చిల్లు పడితే తప్ప. అందుకే పెద్ద మసాలా కంపెనీల ప్యాకెట్ చింపి చూస్తే పొరలు కనిపిస్తాయి. బయట పెట్, మధ్యలో రేకు, లోపల సీలు అతుక్కోవడానికి పాలిథీన్.

దీనికి ఎండ తోడైతే ఇంకా వేగం. వాసన నూనెలు ఆవిరయ్యే వేగం ప్రతి 10 డిగ్రీలకు సుమారు రెట్టింపు అవుతుందని లెక్క వేసుకోవచ్చు. వేసవిలో నిజామాబాద్‌లో 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. కొట్టు ముందర ఎండలో వేలాడదీసిన పసుపు ప్యాకెట్‌కు ఒక నెల, నీడలో ఉన్న ప్యాకెట్‌కు మూడు నాలుగు నెలలతో సమానం కావచ్చు.

ఇక్కడిదాకా పాలిమర్ లోపం చెప్పాను. ఇప్పుడు అదే లోపం గుణంగా మారే చోటికి పోదాం, అంటే పొలానికి.

ఆడ రెక్కల పురుగు మగ పురుగును పిలవడానికి ఒక వాసన వదులుతుంది. దీన్ని మొట్టమొదట గుర్తించింది పట్టు పురుగులో. జర్మనీ శాస్త్రవేత్త అడాల్ఫ్ బుటెనాండ్ట్ బృందం సుమారు 5 లక్షల పట్టు పురుగుల నుంచి కొన్ని మిల్లీగ్రాములు మాత్రమే తీయగలిగి, 1959లో ఆ పదార్థం ఏమిటో తేల్చింది. ఫెరోమోన్ అన్న మాట పుట్టింది కూడా ఆ ఏడాదే. మన వరి మొగి పురుగు వాసనలో ముఖ్యమైనవి రెండు పదార్థాలు, రెండూ 16 కార్బన్లున్న ఆల్డిహైడ్లు, 3కి 1 పాళ్లలో. పాళ్లు తప్పితే మగ పురుగు గుర్తుపట్టదు. ఇలాంటి వాసనలను ప్రయోగశాలలో తయారుచేసే పని మన హైదరాబాద్‌లో, తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో కూడా జరిగింది.

ఈ వాసనను ఉత్తగా ఒక చుక్క బుట్టలో వేస్తే ఎండకు ఎంతసేపు నిలుస్తుంది? అందుకే దాన్ని రబ్బరు బిరడాలోకి ఇంకిస్తారు. లూర్ అని మీరు ప్యాకెట్ విప్పి తీసేది అదే. రబ్బరు గొలుసులు ఉడికిన సేమియా లాంటివే, ఇంకా మెత్తన. వాసన వాటి మధ్య కరిగి ఉండి, రోజూ కొంచెం కొంచెం బయటికి జారుతుంది. పసుపు ప్యాకెట్లో మనల్ని ముంచినదే ఇక్కడ మన పని చేసి పెడుతోంది.

కానీ ఇది ఎప్పుడూ ఒకే వేగంతో జారదు. చెరుకు నమిలేటప్పుడు మొదటి నమలుకు వచ్చినంత రసం పదో నమలుకు రాదు కదా. లోపల ఎంత మిగిలిందో దాన్ని బట్టి బయటికి వచ్చేది. ఒక లెక్క వేద్దాం. లూర్‌లో 5 మిల్లీగ్రాములు ఉందనుకుందాం, 10 రోజులకు సగం పోతుందనుకుందాం. 10వ రోజుకు 2.5 మిగిలింది. 20వ రోజుకు 1.25. 30వ రోజుకు 0.6 చిల్లర. అంటే 30వ రోజున ఆ బుట్ట ఇచ్చే వాసన మొదటి రోజులో ఎనిమిదో వంతే. బుట్ట అట్లాగే ఉంది, లూర్ అట్లాగే కనిపిస్తోంది, కానీ పిలుపు లేదు.

తమ్మీ, నీ పొలంలో జరిగింది ఇదే అయి ఉండొచ్చు. బుట్ట ఖాళీగా ఉందంటే రెండు అర్థాలు. ఒకటి, పురుగు లేదు. రెండు, వాసన లేదు. ఈ రెండూ చూడటానికి ఒకే రకంగా ఉంటాయి. అదే దీనిలో అపాయం. వారానికి బుట్టకు 25, 30 మగ పురుగులు పడితే మందు గురించి ఆలోచించాలని వ్యవసాయ అధికారులు చెప్తారు. ఆ లెక్కంతా లూర్ బతికి ఉన్నప్పుడే. చచ్చిన లూర్ పెట్టుకుని 'సున్నా' అని రాసుకుంటే పురుగుకు దారి ఇచ్చినట్టు. తెల్ల కంకి బయటికి వచ్చాక ఆ కంకికి చేయగలిగేది ఏమీ లేదు.

కాబట్టి లూర్ పెట్టిన రోజే బుట్ట మీద పెన్నుతో తేదీ రాయండి. ప్యాకెట్ మీద ఎన్ని రోజులని ఉంటే అన్ని రోజులకే మార్చండి. సాధారణంగా అది మూడు నాలుగు వారాలు. ఎండలు ముదిరితే ఇంకా ముందే. కొత్త లూర్లు రేకు ప్యాకెట్లోనే, చల్లని చోట ఉంచండి. ఫ్రిజ్ అయితే మరీ మంచిది. ప్యాకెట్ విప్పి గూట్లో పెట్టి, వచ్చే నెల వాడతానంటే అది గూట్లోనే సగం ఖర్చయిపోతుంది. వరి లూర్ పట్టుకున్న చేత్తోనే ఇంకో పంట లూర్ ముట్టొద్దు, వాసనలు కలుస్తాయి. నిఘాకైతే ఎకరానికి మూడు బుట్టలు, మూకుమ్మడిగా పట్టాలంటే ఎనిమిది. పైరు ఎత్తును బట్టి బుట్టను పైకి జరుపుతూ ఉండాలి.

మరి మొదట ఎక్కువ, చివర తక్కువ కాకుండా రోజూ ఒకే తీరుగా రావాలంటే? దానికి ఇంకో ఏర్పాటు ఉంది. వాసన ద్రవాన్ని సన్నని పాలిథీన్ గొట్టంలో నింపి రెండు వైపులా మూస్తారు. లోపల ద్రవం ఉన్నంత కాలం గోడ లోంచి ఒకే వేగంతో ఊరుతుంది. మట్టి కుండ లాగా. కుండలో నీళ్లు నిండుగా ఉన్నా సగమే ఉన్నా తడి ఉన్న చోట ఊట ఒక్క తీరే. పత్తిలో గులాబీ రంగు పురుగుకు వాడే పీబీ రోప్ ఇలాంటిదే. చేను నిండా ఆడ పురుగు వాసనే ఉండేసరికి మగ పురుగుకు అసలు ఆడ పురుగు ఎక్కడుందో తెలియదు.

మూడో రకం గుళిక. నూనె చుక్క చుట్టూ సన్నని పాలిమర్ పొర, వెంట్రుక మందం కంటే చిన్నది. ఇది ఊరదు, పగిలినప్పుడే వాసన ఇస్తుంది. అమెరికాలోని ఎన్‌సీఆర్ కంపెనీ 1950లలో కార్బన్ లేకుండానే నకలు పడే కాగితం కోసం దీన్ని తయారుచేసింది. జెలటిన్, తుమ్మ బంక జాతి బంక, ఈ రెండింటితో పొర కట్టి, లోపల రంగు నూనె పెట్టారు. పెన్ను ఒత్తిడికి గుళిక పగిలి కింది కాగితం మీద అక్షరం పడేది. రంగు బదులు అత్తరు పెడితే గీకితే వాసనొచ్చే కాగితం అయింది. ఇప్పుడు బట్టలుతికాక వేసే సువాసన ద్రవాల్లో ఉండేవి ఇవే. తువ్వాలతో తుడుచుకున్నప్పుడల్లా కొన్ని పగులుతాయి. తులసాకు నలిపినట్టే.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఈ గుళికల పొర చాలా వాటిలో కుళ్లని ప్లాస్టిక్. ఉతికిన నీళ్లతో కాలువలోకి, అక్కడి నుంచి చెరువులోకి. ఐరోపా దేశాలు 2023లో ఇలా కావాలని కలిపే సూక్ష్మ ప్లాస్టిక్ మీద నిషేధం తెచ్చాయి. సువాసన గుళికలకు మాత్రం 2029 దాకా గడువిచ్చాయి. అందుకే ఇప్పుడు కుళ్లిపోయే పాలిమర్ల కోసం వెతుకులాట. పిండి, బంక, సెల్యులోజు, అంటే మళ్లీ పంట పొలం వైపే చూస్తున్నారు.

చక్కెర ఊరి పక్కనున్న మనకు ఇంకో ముచ్చట చెప్పాలి. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలై, 2015 డిసెంబర్‌లో ఆగిపోయింది. పాకం అంటే ఏమిటో ఈ ప్రాంతానికి ఎవరూ నేర్పక్కర్లేదు. లేత పాకం సాగుతుంది, ముదురు పాకం పల్లి పట్టీలా పెళుసుగా విరుగుతుంది. 1950లలో అమెరికాలో నారింజ నూనెను ఇలాంటి ముదురు పాకంలో కలిపి గడ్డ కట్టించి పొడి చేసేవారు. పెళుసుగా, పొడిగా ఉన్నంత కాలం నూనె అందులో బందీ. నీళ్లలో వేయగానే విడుదల. కానీ తేమ తగిలి పట్టీ మెత్తబడితే నూనె కారిపోతుంది. ప్లాస్టిక్‌దీ ఇదే సూత్రం. బిగుసుకుని ఉంటే పట్టి ఉంచుతుంది, మెత్తబడితే వదిలేస్తుంది. పిండి నుంచే సైక్లోడెక్స్ట్రిన్ అనే ఇంకో పదార్థం వస్తుంది. ఆరో ఏడో ఎనిమిదో గ్లూకోజు పూసలు గుండ్రంగా గాజులా కలిసి ఉంటాయి. నూనె అణువు ఆ గాజు మధ్యలో దూరి కూర్చుంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా. వాసన నిలవడం వేరు, వాసన పని చేయడం వేరు. పిల్లల చేతికి కట్టే దోమల పట్టీలు బజార్లో దొరుకుతాయి. ప్లాస్టిక్‌లో నిమ్మగడ్డి జాతి సిట్రొనెల్లా నూనె ఇంకించి ఉంటుంది. వారం రోజులు వాసన వస్తుంది, నిజమే. కానీ 2002లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరీక్షలో మందు ఇంకించిన చేతి పట్టీలు దోమల నుంచి దాదాపు ఏ రక్షణా ఇవ్వలేదు. సిట్రొనెల్లా పూతలు కూడా సగటున 20 నిమిషాలకు మించలేదు. ఎక్కువ రోజులు రావాలంటే రోజుకు తక్కువ రావాలి. ఆ తక్కువ దోమను ఆపడానికి చాలదు. డెంగీ రోజుల్లో పట్టీ కట్టాం కదా అని దోమతెర తీసేయకండి.

ఇప్పుడు అక్కల ప్రశ్నకు పనికొచ్చే జవాబు. పసుపును కొమ్ముగానే నిల్వ పెట్టండి. కొమ్మే మీ మొదటి ప్యాకెట్, ప్రకృతి ఉచితంగా ఇచ్చింది. మూడు నెలల సరుకు ఒక్కసారి పట్టించకుండా, రెండు మూడు వారాలకు సరిపడా పట్టించండి. గిర్ని వేడెక్కితే కాసేపు ఆపి పట్టమనండి. పొడి పూర్తిగా చల్లారాకే ప్యాక్ చేయండి. ఒట్టి పాలిథీన్ కవర్ మానేసి, పెట్, రేకు పొరలున్న కవర్ తీసుకోండి. ఖర్చు కొంత పెరుగుతుంది. ముందు వంద కవర్లతో చేసి చూడండి. లోపల గాలి తక్కువ ఉండేలా నింపండి. పట్టిన తేదీ కూడా ప్యాకెట్ మీద వేయండి. కొత్త పసుపు అని చెప్పుకోవడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు.

నా మాట నమ్మాల్సిన పని లేదు, మీరే పరీక్ష చేయండి. ఒకే రోజు పట్టించిన పసుపును పాలిథీన్ కవర్లో ఒకటి, రేకు కవర్లో ఒకటి ప్యాక్ చేయండి. నీళ్లలో ముంచి మెల్లగా నొక్కండి. బుడగలు వస్తే సీలు లోపం, అది పక్కన పెట్టండి. బుడగలు రాని వాటిని తుడిచి, విడివిడిగా రెండు శుభ్రమైన స్టీలు డబ్బాల్లో పెట్టి మూత వేయండి. రెండు రోజులాగి మూత తీసి వాసన చూడండి. కవర్ విప్పొద్దు. ఏ డబ్బాలో పసుపు వాసన వస్తే ఆ కవర్ వాసనను దాటనిస్తోంది. తర్వాత ఆ రెండు ప్యాకెట్లూ ఒకే అరలో రెండు నెలలు ఉంచి, ఏది ఏదో చెప్పకుండా నలుగురికి చూపించండి. మీరు మాత్రం వాసన చూసి తీర్పు చెప్పొద్దు. రోజూ పసుపులో పని చేసే ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోయి ఉంటుంది.

ఫలితం ఏం వచ్చిందో రాసి పంపండి. మంచిగా వచ్చినా, రాకపోయినా పంపండి, ఇంకో ఎపిసోడ్‌లో దాని మీదనే మాట్లాడుకుందాం. తమ్మీ, నువ్వు మాత్రం ఈ యాసంగికి బుట్ట మీద తేదీ రాయడం మరవకు. ఉంటాను, నమస్తే.